పదికి తొమ్మిది వచ్చిన కామిక్ మీ పిల్లలకు తగినదేనా?

అమెరికాలో బుధవారం వస్తే కామిక్స్ దుకాణాల్లోకి కొత్త సంచికలు దిగుతాయి. ఆ వెంటనే పదికి ఇన్ని మార్కులంటూ రివ్యూలూ వచ్చేస్తాయి. అక్కడ పిల్లల్ని పెంచుకుంటున్న మన తెలుగు అమ్మానాన్నలకు ఆ మార్కు చూసి కొనివ్వాలనిపించడం సహజమే. కానీ అది మీ పిల్లల్ని తలుచుకుని వేసిన మార్కు కాదు.

రివ్యూ రాసేవాళ్లు సాధారణంగా ఆ కథను ఏళ్ల తరబడి వెంబడిస్తున్న పెద్దవాళ్లు. బొమ్మలు ఎలా కుదిరాయి, రంగులు ఎలా ఉన్నాయి, కథ ముందుకు కదిలిందా అని చూస్తారు. తొమ్మిదేళ్ల పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తుందేమోనన్నది వాళ్ల లెక్కలో ఉండదు. టీషర్టు మీది బ్యాట్‌మ్యానే కదా అనుకోకండి. బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ కంపెనీ 2018లో మొదలుపెట్టిన బ్లాక్ లేబుల్ పుస్తకాలు 17 ఏళ్లు నిండినవాళ్లకు. వాటిలోనూ ఆ బ్యాట్‌మ్యానే ఉంటాడు. ఒకప్పుడు చాలా కంపెనీలకు ఉమ్మడిగా, పిల్లలకు తగినదేనని చెప్పే కామిక్స్ కోడ్ ముద్ర ఉండేది. స్పైడర్‌మ్యాన్ కథలు వేసే మార్వెల్ 2001లో, డీసీ 2011లో దాన్ని వదిలేశాయి. ఇప్పుడు ఎవరి వయసు గుర్తు వారిదే. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత మీరే చదవండి. ఇరవై పైచిలుకు పేజీలు, కాఫీ తాగేలోపు అయిపోతాయి.

చదివితే మీకే నచ్చవచ్చు కూడా. 2024లో వచ్చిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌లో పీటర్ పార్కర్ కుర్రాడు కాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి, ఏం దాచాలి అన్న అతని బాధ మనకు బాగా తెలిసినదే. మీ అబ్బాయితో కలిసి మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి కథ నాకు తోచడం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. పిల్లలు పుస్తకం తెరవకముందే రివ్యూ వీడియో చూసి, "ఇది చెత్త" అనేస్తారు. కోప్పడకండి. "ఏ పేజీలో నచ్చలేదమ్మా, చూపించు" అని పక్కన కూర్చోండి. పేజీ తిప్పడం మొదలుపెట్టాక వాళ్ల సొంత మాటలు వాటంతటవే వస్తాయి. ఆ బొమ్మలో చెయ్యి వంకరగా ఉందంటారు, విలన్ చెప్పింది నిజమే కదా అంటారు. మీకు నచ్చింది వాళ్లకు నచ్చకపోతే నచ్చనివ్వండి.

ఆ మాటల్నే ఆ కామిక్‌కు ఉత్తరంగా కాగితం మీద పెట్టమనండి. రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ బడిలో చదివే రోజుల్లో రాసిన ఉత్తరం 1963లో ఫెంటాస్టిక్ ఫోర్ సంచికలో అచ్చయింది. మీ పిల్లలది అచ్చయినా కాకపోయినా, ఇండియాలో ఉన్న అమ్మమ్మకు ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించమనండి. ఆవిడ అడిగే ప్రశ్నలకు బదులివ్వాలంటే కథంతా మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది.