వరిపువ్వులోని కత్తెర
కొత్త వంగడము పుట్టుటయు, పాత విత్తనము చెడుటయు

వెన్ను తీసిన వరిచేను గట్టున నిలిచి చూచినచో, సమముగా నున్న పైరు నడుమ అక్కడక్కడ నొక మొక్క పొడవుగానో, ముందుగా పూతకు వచ్చియో కానవచ్చును. వీనినే మనము కేళీలందుము. కొన్ని కేళీలు కళ్లములో కలిసిన పరాయి గింజలవలన వచ్చును. కొన్ని ప్రక్కచేని పుప్పొడి సోకి పుట్టిన సంకరములు. సంకరపు మొక్క యొక్కొక్కప్పుడు మిక్కిలి బలముగా నుండును. దానిని చూచి ముచ్చటపడి గింజ దాచిన రైతునకు మరుసటి యేట పది మొక్కలు పది తీరుల మొలచును. ఇది భూమి దోషము కాదు, ఎరువు లోపమును కాదు. పువ్వులోపల జరుగు నొక కత్తిరింపు పనియు దీనికొక కారణము. దాని నెరిగినవారికి విత్తనపు విలువ బాగుగా తెలియును గావున నిచ్చట వివరించుచున్నాము.

వరిమొక్కలోని ప్రతి కణమునందును 24 క్రోమోజోములు 12 జతలుగా నుండును. జతలో నొకటి తల్లినుండియు, రెండవది తండ్రినుండియు వచ్చినది. ప్రతి క్రోమోజోమునందును డి.ఎన్.ఏ. అను పొడుగుపాటి పోగు కలదు. అది రెండు పురుల త్రాడువంటిది. మొక్క యెత్తు, గింజ సన్నము, ముంపు నోర్చుట మొదలగు గుణములకు మూలమైన జన్యువులు ఆ త్రాటివెంట వరుసగా నమరియుండును. పుప్పొడియు, అండమును ఏర్పడునపుడు జతలు విడిపోయి, ఒక్కొక్కదానిలోనికి 12 మాత్రమే చేరును. విడిపోవుటకు ముందు జతలోని రెండు త్రాళ్లును దగ్గరకు వచ్చి, కొన్ని తావుల ముడిపడును.

ఈ ముడి యెట్టిదో ఇంట చేసి చూడవచ్చును. రెండు పురుల తెల్లత్రాడొకటి, ఎర్రత్రాడొకటి ప్రక్కప్రక్కన పరువుడు. ఒకే తావున తెల్లదానిలో నొక పురిని, ఎర్రదానిలో నొక పురిని తెంపి, కొసలు మార్చి అతుకుడు. ఇప్పుడా త్రాళ్లు ఎంత లాగినను విడివడవు. కణములో నిట్టి ముడి పడునని 1964లో రాబిన్ హాలిడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నేటికిని దానిని హాలిడే ముడి యనియే వ్యవహరింతురు. కణములో నివి తరచు జంటలుగా నుండును. సులువుకొరకు ఒక్కదానినే చెప్పుచున్నాము.

ముడి విడవలెనన్న మరల కత్తిరింపక తప్పదు. కత్తిరించు మార్గములు రెండు. మారిన పురులనే తెంపి, ఎవరి కొసలు వారికి కలిపినచో తెల్లది తెల్లగను, ఎర్రది ఎర్రగను మిగిలి, నడుమ చిన్న మాసికమాత్ర ముండును. అట్లుగాక, మారకయున్న రెండు పురులను తెంపి కొసలు మార్చి యతికినచో, సగము తెలుపు సగము ఎరుపు గల రెండు క్రొత్త త్రాళ్లు ఏర్పడును. తల్లిగుణములు కొన్ని, తండ్రిగుణములు కొన్ని ఒకే త్రాటిపై కూడుట ఈ రెండవ మార్గముననే.

ఈ కత్తెరపని చేయునవి ఎంజైములు. మండె కట్టిన విత్తనములో పిండిని చక్కెరగా మార్చునవియు ఎంజైములే. ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క పని. మన ప్రేగులలో నివసించు ఒక సూక్ష్మజీవియందు రువ్-సి అను కత్తెర 1991లో తెలియవచ్చెను. అది జంటగా ముడిని పట్టి, ఎదురెదురు పురులను సమానమైన తావుల తెంపును. పిమ్మట మరియొక ఎంజైము ఆ కొసల నతుకును. వరియందును జెన్-1 అను కత్తెర కలదు. అది లోపించిన మొక్కలు గొడ్డువోయి గింజ పట్టవని పరిశోధకులు కనుగొనిరి. అనగా ముడి సరిగా విడనిచో గాదెలోనికి ధాన్యమే రాదు.

ఈ కత్తెరవలన మనకు కలిగిన మేలునకు ఒక నిదర్శనము. మన పశ్చిమగోదావరి జిల్లాలోని మారుటేరు పరిశోధనాస్థానము 1925లో స్థాపింపబడెను. వశిష్ఠ, మషూరి రకములను సంకరపరచి అచ్చట తీసిన ఎం.టి.యు. 7029 వంగడమే మన స్వర్ణ. దిగుబడి గొప్పదే కాని, కొల్లేటికిని ఉప్పుటేటికిని చేరువనున్న పల్లపు చేలలో సార్వా నారు దినములకొలది మునిగినచో స్వర్ణ తాళజాలదు. నీటిపైకి రావలెనని సాగి, నిలువయున్న చక్కెరను ఖర్చుపెట్టుకొని చచ్చును. ఒడిషాలోని ఎఫ్.ఆర్. 13ఎ అను వరి ముంపునకు తాళును గాని దిగుబడి తక్కువ. దాని 9వ క్రోమోజోముపై నున్న సబ్-1 అను జన్యుభాగమే ఆ యోర్పునకు ముఖ్యకారణము. అది మునిగిన మొక్కను సాగనీయక చక్కెరను కాపాడును.

ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు ఈ భాగమును స్వర్ణలోనికి చేర్చిరి. సంకరమును మరల మరల స్వర్ణతోనే కలుపుచు, వందలకొలది నారుమొక్కల డి.ఎన్.ఏ.ను పరీక్షించి, సబ్-1కు ఒక ప్రక్కను దగ్గరగా కత్తెర పడిన మొక్కను మొదటను, రెండవ ప్రక్క పడినదానిని తరువాతను ఏరుకొనిరి. కత్తెర ఎచ్చట పడవలెనో వారు శాసింపలేదు. పడినచోటును గుర్తించి ఎన్నుకొనిరి. ఇట్లు వచ్చిన స్వర్ణ-సబ్1 మనదేశమున 2009లో విడుదలయ్యెను. నారు నాటి కుదురుకొన్న పైరు రెండు వారములవరకు మునిగినను ఇది తేరుకొనగలదు. నెలలతరబడి నీరు నిలుచు చేనికి మాత్రము ఇది మందు కాదు.

ఇక మన విత్తనముమాట. శుద్ధమైన స్వర్ణ పువ్వులోను కత్తెర ఆడుచునే యుండును. కాని జతలోని త్రాళ్లు రెండును ఒకే రంగువి. తెల్లత్రాటిని తెల్లత్రాటితో మార్చి యతికినను తెలుపే గదా! కావుననే శుద్ధవిత్తనము ఏటేట ఒకే తీరున పండును. సంకరపు మొక్కలోనైతే త్రాళ్లు వేర్వేరు. కత్తెర పడిన ప్రతి తావునను గుణములు మారును. హైబ్రిడ్ విత్తనపు పంటనుండి గింజ దాచరాదనుటకు ఇదియు నొక కారణము.

కావున సభ్యులు విత్తనపుమడిని వేరుగా నేర్పరచి, ఇతర రకములకు కనీసము మూడు మీటర్ల ఎడముంచవలెను. పూతకు ముందును, పూతయందును, కోతకు ముందును మడియంతయు తిరిగి కేళీలను వేళ్లతో పెరికివేయవలెను. ఎంత బలముగా నున్నను కేళీని జాలితో విడువరాదు. కళ్లమును, గోనెలను శుభ్రపరచిన పిమ్మటనే నూర్పిడి చేయవలెను. మూడేండ్ల కొకసారి నమ్మకమైన చోటినుండి విత్తనము మార్చవలెను. పరిశోధకుని చేతిలో ఏరిక గలదు గనుక ఆ కత్తెర క్రొత్త వంగడము నిచ్చును. ఏరిక మానిన చేనిలో నదియే మంచి వంగడమును చెరచును.