గని నీటితో బిందు సేద్యం: సరైన ఫిల్టర్ ఎంపిక

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతాల బొగ్గు గనులలో ఊరే నీటిని సింగరేణి సంస్థ తోడి బయటకు పంపుతుంది. ఈ నీరు చేరే చెరువులు, కుంటల కింద బిందు సేద్యం చేపట్టే రైతుకు ఫిల్టర్ ఎంపిక కీలకం. ధరను, పంపు సామర్థ్యాన్ని మాత్రమే చూసి ఫిల్టరును సిఫారసు చేయరాదు. నీటిలో ఏమున్నదో ముందుగా తెలుసుకోవాలి.

నీటి పరీక్ష: లీటరు నీటిలో తేలియాడే ఘనపదార్థం 50 మి.గ్రా. లోపు ఉంటే డ్రిప్పర్లు మూసుకుపోయే ప్రమాదం తక్కువ, 100 మి.గ్రా. దాటితే తీవ్రం. ఇనుము విషయంలో ఈ హద్దులు 0.2, 1.5 మి.గ్రా. ఇనుము పరీక్షకు తీసిన నమూనాలో వెంటనే ఆమ్లం కలపాలి. లేనిచో ఇనుము సీసా అడుగున పేరుకొని, ఫలితం తక్కువగా వస్తుంది.

ఫిల్టర్ రకాలు: హైడ్రోసైక్లోన్ బరువైన రేణువులను సుడి బలంతో వేరుచేస్తుంది. ఇసుక సాంద్రత సుమారు 2.65 కాగా, బొగ్గుది సుమారు 1.35 మాత్రమే. అందువల్ల అదే పరిమాణం గల సన్నని బొగ్గు రేణువు నీటిలో ఇసుక వేగంలో ఐదో వంతుతోనే దిగుతుంది. బోరు ఇసుకకు చక్కగా పనిచేసే హైడ్రోసైక్లోన్ బొగ్గు ధూళికి చాలదు. ఇట్టి నీటికి, నాచు పట్టిన కుంట నీటికి ఇసుక ఫిల్టర్ అనువైనది. దాని తరువాత జాలి లేదా డిస్క్ ఫిల్టర్ తప్పనిసరి.

రంధ్ర పరిమాణం: డ్రిప్పరు నీటి దారిలో పదో వంతుకు మించిన రేణువులను ఆపాలి. దారి 1 మి.మీ. అయితే ఫిల్టర్ 100 మైక్రాన్లు ఉండాలి.

ఇనుము: బొగ్గు పొరలలోని పైరైట్ వల్ల గని నీటిలో ఇనుము కరిగి ఉండవచ్చు. కరిగిన ఇనుము ఈ ఫిల్టర్లన్నింటినీ దాటిపోయి, డ్రిప్పరు వద్ద గాలి సోకి ఎర్రని మడ్డిగా మారుతుంది. కావున నీటిని మెట్ల మీదుగా పారించి గాలి సోకనిచ్చి, తొట్టిలో తేర్చిన పిదపనే ఫిల్టరుకు పంపాలి.

నిర్వహణ: ఇసుక ఫిల్టరుకు ముందు, వెనుక పీడనాల తేడా చదరపు సెం.మీ.కు 0.5 కిలోలు దాటగానే నీటిని ఎదురు పారించి శుభ్రపరచాలి. ఫిల్టర్లను దాటే బంకమట్టిని లేటరల్ పైపుల చివరలు విప్పి తరచూ వదిలివేయాలి.

వరుస చివరి మొక్కలకు నీరందకపోతే రైతు బిందు సేద్యాన్నే విడనాడే ప్రమాదం ఉంది. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు నీటి పరీక్ష ఫలితం చూసిన పిదపనే ఫిల్టరును సూచించాలి.