ముందు లాగ్‌బుక్, ఆ తర్వాతే మోడల్

భిలాయి సెక్టర్ 6 క్వార్టర్లలో పెరిగి ఇంజనీరింగ్ చదివిన మన తెలుగు పిల్లలందరికీ నాన్నల్లా స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరకదు. చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లులు, డెయిరీలు, కుమ్హారి వైపు డిస్టిలరీ ఉన్నాయి. వాటి మురుగునీటిని శుద్ధి చేసే ఈటీపీలో చేరితే, నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌ను అక్కడ వాడాలనిపిస్తుంది. వాడండి. కానీ ముందు రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి.

గాలి చొరని ఆ ట్యాంకులో గంజిని, చక్కెరను ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు గంటల్లో పెరుగుతాయి. ఆ ఆమ్లాలను తిని మీథేన్ ఇచ్చేవాటికి రోజులు పడుతుంది. మిల్లు ఒక్కసారిగా వడ్లు నానబెట్టిన చిక్కటి నీళ్లు వదిలితే ఆమ్లం పేరుకుపోతుంది. అయినా నీటిలో క్షారత మిగిలున్నంత వరకు పీహెచ్ 7 దగ్గరే కదలకుండా కనిపిస్తుంది. అది 6.5కి దిగిందంటే చాలా ఆలస్యమైనట్టే. కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. కాబట్టి మోడల్‌ను రేపటి పీహెచ్ అడగకండి. రెండు రోజుల తర్వాత ఆమ్లానికీ క్షారతకూ మధ్య నిష్పత్తి ఎటు పోతుందో అడగండి.

ఆ నిష్పత్తి తెలియడానికి ఖరీదైన సెన్సర్ అక్కర్లేదు. రియాక్టర్ నీటి నమూనాలో బ్యూరెట్‌తో ఆమ్లం పోస్తూ ముందు పీహెచ్ 5.75 వరకు, తర్వాత 4.3 వరకు వెళ్లండి. రెండో విడత ఖర్చైన ఆమ్లాన్ని మొదటి విడతతో భాగించండి. సాధారణంగా 0.3 లోపుంటే నిశ్చింత. దాటుతుంటే లోడు తగ్గించండి. ఈ అంకెను రోజూ ఒకే వేళకు లాగ్‌బుక్‌లో రాయండి. దాంతోపాటు వచ్చే నీటి పరిమాణం, సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం), ఉష్ణోగ్రత, గ్యాస్ ఎంత వచ్చిందీ రాయండి. మిల్లు ఆగిన రోజు, ట్యాంకులు కడిగిన రోజు కూడా రాయాలి. చాలామంది వదిలేసేది అదే, మోడల్‌కు బాగా పనికొచ్చేదీ అదే.

రోజుకొక నమూనా అంటే ఏడాదికి 365 వరుసలే. అంత కొద్ది డేటాకు ఒకే అంతర్గత పొర (హిడెన్ లేయర్), అందులో అయిదారు న్యూరాన్లు చాలు. పెద్ద నెట్‌వర్క్ ఆ అంకెలను బట్టీపడుతుంది. డేటా వరుసలను కలగాపులగం చేసి పంచకండి. మొదటి నెలలతో నేర్పి, చివరి నెలలతో పరీక్షించండి. భిలాయి మే నెల ఎండలు మాత్రమే చూసిన మోడల్ డిసెంబర్ రాత్రుల గురించి ఏం చెప్పినా నమ్మవద్దు. ‘ఎల్లుండి కూడా ఇవాళ్టిలాగే’ అనే వట్టి అంచనాను మీ మోడల్ ఓడించలేకపోతే దాన్ని మేనేజర్‌కు చూపించకండి.

మోడల్‌తో గ్యాస్‌ను కూడా అంచనా వేయిస్తే, దానికి ఒక గీటురాయి ఉంది. తొలగిన ప్రతి కిలో సీఓడీకి సిద్ధాంతం ప్రకారం గరిష్ఠంగా 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది, అదీ సున్నా డిగ్రీలు, సాధారణ పీడనం దగ్గర. మోడల్ అంతకంటే ఎక్కువ చెబితే ముందు ఫ్లో మీటర్ విప్పి చూడండి.