గడ్డిని చెట్టుగా లెక్కించిన చట్టం: పొలంలోని వెదురుకు పర్మిట్ ఎందుకు?

ఛఠ్ పండుగ దగ్గర పడితే జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ చుట్టుపక్కల బజార్లలో వెదురు చేటలు, బుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. కొనేవారు ధర అడుగుతారు, అంతే. కానీ పొలం గట్టున వెదురు పెంచి, నరికి, బండికెత్తిన రైతుకు చాలాకాలం మరో ప్రశ్న ఎదురయ్యేది: "దీనికి పర్మిట్ ఉందా?"

సొంత పొలంలో పెరిగిన దానికి అటవీ శాఖ అనుమతి ఎందుకు? దీనికి జవాబు చట్టంలోని నిర్వచనాల్లో ఉంది. వాటిని వృక్షశాస్త్రంతో పోల్చి చూద్దాం.

మూడు మెట్లు

జార్ఖండ్‌లో అటవీ ఉత్పత్తుల రవాణాకు ఆధారం 1927 నాటి భారత అటవీ చట్టం. అందులోని 41వ సెక్షన్ ప్రకారం రవాణా నియమాలను రాష్ట్ర ప్రభుత్వమే రూపొందిస్తుంది. ఏది అటవీ ఉత్పత్తి అన్నది మాత్రం 2వ సెక్షన్‌లో ఉంది. అది రెండు జాబితాలు ఇస్తుంది. మొదటి జాబితాలోనివి అడవిలో దొరికినా, బయట దొరికినా అటవీ ఉత్పత్తులే. రెండో జాబితాలోనివి అడవి నుంచి వస్తేనే అటవీ ఉత్పత్తులు.

పాత చట్టంలో 'చెట్టు' అన్న మాటలో వెదురు కూడా చేరి ఉండేది. ఇది మొదటి మెట్టు. చెట్టును నరికితే అది 'కలప' అవుతుంది. ఇది రెండో మెట్టు. కలప మొదటి జాబితాలో ఉంది కాబట్టి ఎక్కడి నుంచి వచ్చినా అటవీ ఉత్పత్తే. ఇది మూడో మెట్టు. ఇలా రైతు పెంచిన వెదురు, గొడ్డలి పడగానే అటవీ ఉత్పత్తిగా మారిపోయేది.

వెదురు చెట్టు ఎందుకు కాదు?

వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి మొక్క. వరి, గోధుమ, చెరకు ఉన్న పోయేసీ కుటుంబానికే చెందింది. టేకు, మామిడి వంటి చెట్ల కాండంలో బెరడు కింద కేంబియం అనే పలుచని కణాల పొర ఉంటుంది. అది ఏటా కొత్త కణాలను చేరుస్తుంది కాబట్టి మాను లావెక్కుతుంది. వెదురులో ఆ పొర లేదు. మొలక ఎంత లావుతో నేలను చీల్చుకుని వస్తుందో, బొంగు దాదాపు అంతే లావు ఉంటుంది. కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరి, ఆ తర్వాత రెండు మూడేళ్లు గట్టిపడుతుంది.

ముదిరిన బొంగులను నరికినా నేలలోని దుంప బతికే ఉండి కొత్త పిలకలు వేస్తుంది. అంటే రైతుకు ఇది పదే పదే కోసుకోగల పంట. టేకు మానును నరకడానికీ దీనికీ పోలిక లేదు.

ఒక్క మాట తీసేస్తే

2017 నవంబరులో కేంద్రం ఒక ఆర్డినెన్సు ద్వారా 'చెట్టు' నిర్వచనం నుంచి వెదురును తొలగించింది. తర్వాత పార్లమెంటు దాన్ని చట్టంగా ఆమోదించింది. మొదటి మెట్టే పోవడంతో, అటవీయేతర భూమిలో పెరిగిన వెదురు అటవీ ఉత్పత్తుల లెక్కలోంచి బయటపడింది. అడవిలోని వెదురు మాత్రం రెండో జాబితా కింద అటవీ ఉత్పత్తిగానే కొనసాగుతోంది. ఆ జాబితాలో గడ్డి కూడా ఉంది మరి!

అయితే చట్టం వృక్షశాస్త్రాన్ని పూర్తిగా అనుసరించిందని అనుకోకూడదు. తాటి, కొబ్బరి కూడా వెదురులాగే ఏకదళబీజ మొక్కలు. వాటి కాండంలోనూ చెట్లలో ఉండే కేంబియం లేదు. అయినా తాటి జాతి ఇప్పటికీ చట్టంలో 'చెట్టు'గానే ఉంది.

లక్క ఎక్కడ పండినా అడవిదే

జార్ఖండ్‌కు మరింత దగ్గరి ఉదాహరణ లక్క. దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఇది ముందుంటుంది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న లక్క పురుగులు రసం పీల్చి, తమ చుట్టూ స్రవించుకునే జిగురే లక్క. లక్క గాజుల నుంచి మాత్రల పైపూత దాకా దీని ఉపయోగాలు ఎన్నో. రైతులు విత్తన లక్క ఉన్న పుల్లలను చెట్లకు కట్టి దీన్ని పెంచుతారు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లో మొదలైన లక్క పరిశోధన సంస్థ ఇప్పుడు భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద ఉంది.

పరిశోధనలో వ్యవసాయమైన లక్క 1927 చట్టంలో మొదటి జాబితాలో ఉంది. అంటే సొంత రేగు చెట్టు మీద పండించినా అది అటవీ ఉత్పత్తే. ఇప్ప పువ్వుదీ అదే స్థితి. 2006 అటవీ హక్కుల చట్టం 'మొక్కల నుంచి వచ్చే' చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో లక్క, తేనె, టసర్ పట్టుగూళ్లను చేర్చింది. ఈ మూడూ కీటకాలు తయారు చేసేవే. అయితే ఈ చట్టం వల్ల అడవిబిడ్డలకు వాటిని సేకరించి అమ్ముకునే హక్కు దక్కింది. 2012లో సవరించిన నియమాలు, వాటి రవాణా అనుమతులిచ్చే బాధ్యతను గ్రామసభకు అప్పగించాయి.

మరి నిర్వచనం దేనికి?

నరికిన బొంగును చూసి అది అడవిదో, పొలానిదో చెక్‌పోస్టులో చెప్పడం కష్టం. అందుకే చట్టం కాగితం అడుగుతుంది. మొక్క ఏ కుటుంబానిదో శాస్త్రం చెప్పగలదు. చట్టానికి కావలసింది అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఈ రెండు ప్రశ్నలూ కలగాపులగమైనప్పుడు ఆ భారం రైతు మీద పడుతుంది. అనుమతి దొరక్క ఆగిన ప్రతి రోజూ సరుకు ధర దళారి చేతిలోకి జారిపోతుంది.

తెలుగు రాష్ట్రాల రైతులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ అమల్లో ఉన్నది 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం. 1927 చట్టంలో కేంద్రం చేసిన సవరణ దానికి దానంతటదే వర్తించదు. 2023 డిసెంబరులో దేశవ్యాప్తంగా మొదలైన జాతీయ రవాణా అనుమతి విధానంలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఏ జాతికి అనుమతి కావాలి, దేనికి మినహాయింపు ఉంది అన్నది రాష్ట్ర నియమాలను బట్టే ఉంటుంది. వెదురో, సరుగుడో, సుబాబుల్లో నాటే ముందే ఆ జాబితా చూసుకుంటే, కోత రోజున బండి ఆగే పరిస్థితి రాదు.