ఫీజు మాట పిల్లల ముందు వద్దు



ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌బోర్న్‌లో సెయింట్ సిప్రియన్స్ అనే ప్రిపరేటరీ స్కూల్ ఉండేది. ఫొటోగ్రాఫర్ సెసిల్ బీటన్, విమర్శకుడు సిరిల్ కానలీ అక్కడే చదివారు. బిహార్‌లోని మోతీహారీలో పుట్టిన ఎరిక్ బ్లెయిర్ 1911లో, ఎనిమిదేళ్ల వయసులో అక్కడ చేరాడు. ఆ అబ్బాయే తర్వాత జార్జ్ ఆర్వెల్ అయ్యారు.

స్కాలర్‌షిప్ తెచ్చి స్కూలుకు పేరు తెస్తాడని ఎరిక్‌కు ఫీజు తగ్గించారు. అనుకున్నట్టే ఈటన్ స్కాలర్‌షిప్ తెచ్చాడు. కానీ తక్కువ ఫీజుతో చదువుతున్నావని ఎత్తిపొడిచిన మాటల్ని పెద్దయ్యాక కూడా మరిచిపోలేకపోయారు. ఆ రోజుల గురించి ఆయన రాసిన వ్యాసం, మరణానంతరం 1952లో అచ్చయింది.

'నీ కోసం ఇంత ఫీజు కడుతున్నాం' అని మనమూ అంటుంటాం. ఈసారి ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు ఆ మాట ఆపి, 'ఏ పాఠం కష్టంగా ఉంది నాన్నా?' అని అడిగి చూడండి.