గాలి రోజున పడవ దింపడం

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మనకు పొడవైన సముద్రపు ఒడ్డు ఉంది. ఒడ్డు పొడవునా వేట మీద బతికే ఊళ్ళు ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవలు వేటకు వెళ్ళకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఏప్రిల్‌లో 16 రోజులు, మే నెలలో 31 రోజులు, జూన్‌లో 14 రోజులు. మొత్తం 61 రోజులు.

ఈ 61 రోజులూ చాలా పడవలు గట్టు మీద ఉంటాయి. రంగులు వేస్తారు. ఇంజను బాగు చేయిస్తారు. జూన్ 15 వచ్చేసరికి అందరికీ తొందర. చేతిలో డబ్బు ఉండదు. అప్పులవాళ్ళు అడుగుతుంటారు. ఎప్పుడు పడవ దింపుదామా అని చూస్తుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి కూడా ఎక్కువగా ఉంటుంది.

ప్రమాదం అంటే నడి సముద్రంలోనే అనుకుంటాం. కానీ పడవ గట్టు దిగి నీళ్ళు అందుకునే ఆ కొద్ది నిమిషాలు కూడా ప్రమాదమైనవే.

"పడవ దింపేది మగవాళ్ళు. మాకెందుకీ పాఠం?" అని మీరు అడగొచ్చు. అక్కలారా, ఇంజను అప్పుకు పొదుపు సంఘంలో సంతకం పెట్టింది ఎవరు? నూనెకు డబ్బు సర్దింది ఎవరు? పడవ రాకపోతే ఒడ్డున నిలబడి ఎదురుచూసేది ఎవరు? అందుకే ఈ పాఠం.

గాలి ఎటు నుంచి?

ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అందుకే మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊరి మీదికి వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి ఊరి వైపు నుంచి సముద్రం మీదికి పోతుంది. మన పెద్దవాళ్ళు ఇది చూసే తెల్లవారుజామున తెరచాప ఎత్తి వెళ్ళేవారు. మధ్యాహ్నం గాలితో తిరిగి వచ్చేవారు.

జూన్‌లో లెక్క మారుతుంది. పడమటి గాలి గట్టిగా వీస్తుంది. అది ఊరి వైపు నుంచి సముద్రం మీదికి పోయే గాలి. ఈ గాలి మనల్ని మోసం చేస్తుంది. ఒడ్డు దగ్గర అలలు చిన్నవిగా కనిపిస్తాయి. "సముద్రం చల్లగా ఉంది" అనుకుంటాం. లోపలికి పోయేకొద్దీ అలలు పెరుగుతాయి. ఇంజను ఆగిపోతే గాలి పడవను ఇంకా లోపలికి నెడుతుంది.

గాలి బలం ఎంత?

ఒక లెక్క నేర్చుకుందాం. గాలి వేగం రెండింతలు అయితే దాని తోపు రెండింతలు కాదు. నాలుగింతలు అవుతుంది. 2 × 2 = 4. వేగం మూడింతలు అయితే తోపు తొమ్మిదింతలు. 3 × 3 = 9. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో ఇద్దరు పట్టి ఆపగలిగిన పడవను 40 కిలోమీటర్ల గాలిలో ఆ ఇద్దరూ ఆపలేరు.

సముద్రాన్ని చూసి కూడా చెప్పొచ్చు. అలల తలల మీద అక్కడక్కడా తెల్ల నురగ ఉంటే జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడ చూసినా తెల్లగా ఉంటే చిన్న పడవ దింపకూడదు.

గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటేట్టు ఉంటే వాతావరణ శాఖ వేటకు వెళ్ళవద్దని చెబుతుంది. రేడియోలో, టీవీలో, ఫోనులో ఆ కబురు వస్తుంది. తుపాను వచ్చేటట్టు ఉంటే ఓడరేవుల్లో హెచ్చరిక గుర్తు ఎగరేస్తారు. వాటికి 1 నుంచి 11 వరకు నంబర్లు ఉంటాయి. 3వ నంబరు అంటే ఆ రేవుకే ఈదురుగాలి రావచ్చని అర్థం.

ఒక ఇంట్లో మాటలు

తెల్లవారుజాము నాలుగు గంటలు. కొడుకు పడవ దింపడానికి బయలుదేరాడు. కోడలు ఫోను చూసింది. కూడబలుక్కుని చదివింది.

"అత్తా, ఇందులో గాలి 45 నుంచి 55 కిలోమీటర్లు అని ఉంది. వేటకు పోవద్దని రాశారు."

అత్త వాకిట్లోకి వచ్చింది. తాటాకుల చప్పుడు విన్నది. ఊరి వైపు తిరిగి నిలబడింది.

"నిజమేనే. పడమటి గాలి. రాత్రి నుంచీ తగ్గలేదు. ఒరే అయ్యా, ఈ పూట ఆగు."

"ఐసు కొన్నానమ్మా. నూనె కొన్నాను. అందరూ దింపుతుంటే నేనొక్కణ్ణే కూర్చోనా?" అన్నాడు కొడుకు.

"ఐసు పోతే ఐసే పోతుంది" అంది అత్త.

"మన పడవలో ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా చెప్పొస్తాను" అంది కోడలు.

కొడుక్కి కోపం వచ్చింది. అయినా ఆగాడు. ఆ పూట ఐసు కరిగిపోయింది. డబ్బు నష్టమే. మర్నాడు గాలి తగ్గింది. పోవద్దన్న కబురు కూడా తీసేశారు. అప్పుడు పడవ దించారు.

అత్తకు గాలి తెలుసు. కోడలికి చదువు తెలుసు. రెండూ కలిస్తేనే ఆ మాటకు బలం వచ్చింది.

దింపక ముందు చూడాల్సినవి

గాలి మామూలుగా ఉన్న రోజు కూడా ఇవి చూడాలి.

1. పడవ అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉంటుంది. దానికి బిరడా గట్టిగా బిగించారా? 61 రోజులు గట్టు మీద ఉన్న పడవకు ఇది మరచిపోతుంటారు.

2. నూనె ఎంత ఉంది? మూడు భాగాలు చేసుకోవాలి. పోవడానికి ఒక భాగం. రావడానికి ఒక భాగం. ఎదురుగాలి వస్తే ఒక భాగం. 15 లీటర్లు ఉంటే 5 లీటర్ల దూరమే పోవాలి.

3. లంగరు, తాడు, తెడ్లు ఉన్నాయా? ఇంజను ఆగితే ఇవే దిక్కు.

4. ఎంతమంది మనుషులో అన్ని లైఫ్ జాకెట్లు ఉన్నాయా? జాకెట్టు పడవ అడుగున పెడితే పనికి రాదు. ఒంటి మీద ఉండాలి.

5. వలలు, పెట్టెలు పడవ మధ్యలో కింద సర్దారా? బరువు ఒక పక్కకు ఉంటే పడవ ఒరుగుతుంది. బరువు ఎత్తుగా ఉన్నా ఒరుగుతుంది.

దింపేటప్పుడు

కొన్ని ఊళ్ళలో ఉప్పుటేటి రేవులో సిమెంటు వాలు ఉంటుంది. దాన్ని ర్యాంపు అంటారు. కొన్ని ఊళ్ళలో ఇసుక ఒడ్డే రేవు. దుంగల మీద తోస్తారు.

సిమెంటు వాలు మీద నీరు తగిలే చోట పాచి ఉంటుంది. కాలు జారుతుంది. చీర పైకి దోపుకోవాలి. పడవ వాలు మీద ఉన్నప్పుడు దాని కింది వైపు ఎవరూ నిలబడకూడదు. పడవకూ గోడకూ మధ్య, పడవకూ పక్క పడవకూ మధ్య అసలు నిలబడకూడదు.

పడవకు రెండు తాళ్ళు కట్టాలి. ఒకటి ముందు కొసకు. ఒకటి వెనుక కొసకు. ముందు కొసను అణియం అనీ, వెనుక కొసను అమరం అనీ అంటారు. తాళ్ళు పట్టుకునేవాళ్ళు గాలి వచ్చే వైపు నిలబడాలి. గాలి పడవను అవతలికి నెడుతుంది. మనం ఇవతలి నుంచి లాగి పట్టాలి. గాలి పోయే వైపు రాళ్ళు, వేరే పడవలు లేకుండా చోటు చూసుకోవాలి.

తాడును చేతికి చుట్టుకోవద్దు. గాలి ఒక్కసారి విసిరితే తాడుతో పాటు చెయ్యి కూడా పోతుంది. తాడు పిడికిట్లో పట్టాలి. ఆపలేకపోతే వదిలేయాలి.

ఇంజను వెనుక ఉంటుంది. అందుకే వెనుక బరువు. ముందు తేలిక. గాలి ముందుగా అణియాన్ని తిప్పేస్తుంది. పడవ అడ్డం తిరిగితే అల పక్క నుంచి కొడుతుంది. అప్పుడే బోల్తా పడేది. అందుకే అణియం ఎప్పుడూ అలకు ఎదురుగా ఉండాలి. ముందు తాడు పట్టుకున్న మనిషి పని ఇదే.

దింపేటప్పుడు ఇంజను పైకి ఎత్తి ఉంచాలి. లేకపోతే దాని ఫ్యాను నేలకు తగులుతుంది. తగినంత లోతు వచ్చాక ఇంజను కిందికి దించాలి. ఉప్పుటేటి రేవులో అయితే తాళ్ళు పట్టుకుని ఉండగానే ఇంజను స్టార్టు చేయాలి. కొంచెం సేపు ఆడనివ్వాలి. ఇంజను సరిగా ఆడుతుందని తేలాకే తాడు వదలాలి. చాలామంది తాడు వదిలాక ఇంజను తాడు లాగుతారు. అది ఆడకపోతే అప్పటికే గాలి పడవను రాళ్ళ మీదికి తీసుకుపోతుంది. ఫ్యాను తిరిగేటప్పుడు వెనుక వైపు ఎవరూ ఉండకూడదు.

ఇసుక ఒడ్డున అలలు లెక్క చూడాలి. పెద్ద అలలు కొన్ని వరసగా వస్తాయి. తర్వాత కొంచెం సేపు చిన్న అలలు వస్తాయి. ఆ సందులో తోయాలి. ఒక మనిషి మాటే అందరూ వినాలి. తలో మాట అంటే పడవ అడ్డం తిరుగుతుంది.

మొగ దగ్గర

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు మొగ. పాటు సమయంలో నీరు ఏటిలో నుంచి సముద్రంలోకి వడిగా పోతుంది. అప్పుడు గాలి సముద్రం నుంచి ఎదురుగా వీస్తే అలలు నిటారుగా లేస్తాయి. రేవులో నీళ్ళు కదలకుండా ఉన్నా మొగలో పడవ మునగవచ్చు. ముందు ఒక మనిషి మొగ దాకా నడిచి చూసి రావాలి. అలలు లేస్తుంటే పాటు తగ్గేదాకా ఆగాలి. ఆటుపోట్లు సుమారు ఆరు గంటలకు ఒకసారి మారతాయి.

ఒడ్డు పుస్తకం

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన పెద్ద తుపాను తీరం దాటింది. సముద్రంలో ఉన్న వేటగాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. అప్పుడు వాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవు.

ఇప్పుడు ఫోను ఉంది. మీకు చదువు కూడా ఉంది. పడవ రాకపోతే తీర రక్షక దళానికి 1554 నంబరుకు ఫోను చేయొచ్చు. కానీ వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు కావాలి. "ఎటు పోయారు? ఎంతమంది?" అంటే ఏడుపు జవాబు కాదు. అందుకే రేవులో ఒక పుస్తకం పెట్టండి. పడవ దిగే ముందు ఇలా రాయండి.

తేదీ:
పడవ నంబరు, రంగు:
మనుషుల పేర్లు:
ఫోను నంబరు:
ఏ వైపు వెళ్తున్నారు:
నూనె ఎన్ని లీటర్లు:
బయలుదేరిన టైము:
ఎప్పటికి వస్తామన్నారు:
వచ్చిన టైము:

చివరి గడి పడవ వచ్చాక నింపాలి. చీకటి పడేసరికి ఏ గడి ఖాళీగా ఉందో చూడాలి. చెప్పిన టైము దాటితే ముందు వాళ్ళకు ఫోను చేయండి. అందకపోతే ఆలస్యం చేయకుండా 1554కు చేయండి.

గాలి రోజుల డబ్బు

"వద్దు" అనడం తేలిక. ఆ పూట పొయ్యి ఎలా వెలగాలి? ఇది అసలు ప్రశ్న. దీనికి జవాబు గాలి రోజున దొరకదు. మంచి రోజునే చూసుకోవాలి.

ఉదాహరణకు, వేటకు వెళ్ళిన ప్రతి రోజూ ఒక ఇల్లు 20 రూపాయలు విడిగా దాచిందనుకుందాం. నెలకు 20 రోజులు వేట. 20 × 20 = 400 రూపాయలు. 8 నెలలకు 3,200 రూపాయలు. గాలి రోజున ఇంటికి 200 రూపాయలు తీసుకుంటే 3,200 ÷ 200 = 16. అంటే 16 గాలి రోజులు అప్పు లేకుండా గడుస్తాయి. చేతిలో ఆ డబ్బు ఉంటే "ఈ పూట వద్దు" అనే మాట ఇంట్లో నిలబడుతుంది.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పడవ దింపాలా వద్దా అని ఎవరు చెబుతారు? ఆడవాళ్ళ మాట వింటారా?
2. తాడు పట్టుకునేవాళ్ళు ఏ వైపు నిలబడాలి? ఎందుకు?
3. మీ ఊరి రేవులో ఒడ్డు పుస్తకం ఎవరి దగ్గర ఉంటే బాగుంటుంది?

లెక్క చేయండి

1. పడవలో 24 లీటర్ల నూనె ఉంది. ఎన్ని లీటర్ల దూరం పోవచ్చు?
2. రోజుకు 30 రూపాయల చొప్పున 20 రోజులు దాస్తే ఎంత?

రాయండి

తాడు, గాలి, రేవు, లంగరు, మొగ. ఈ మాటలతో ఒక్కొక్క వాక్యం రాయండి. తర్వాత మీ ఇంటి పడవ నంబరు, అందులో వెళ్ళేవాళ్ళ పేర్లు తప్పు లేకుండా రాయండి.