మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లు, ఇంటి పనులు

ప్రశ్న: బండి మీంచి పడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషనై నెల దాటింది. మాది పై అంతస్తు. మెట్లు, ఇంటి పనులు ఎలా? – ఓ గృహిణి, ఖమ్మం

జవాబు: ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు వేయండమ్మా. దిగేటప్పుడు ముందు చేతికర్ర, గాయమైన కాలు. కర్ర బాగున్న కాలి వైపు చేతిలోనే ఉండాలి. కూరలు తరగడం కుర్చీలో కూర్చునే. బాసింపట్టు, నేల మరుగుదొడ్డి మీ సర్జన్ సరేననేదాకా వద్దు. హాయిగా ఉందని చాలామంది మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. అదే చేటు, కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టి, మోకాలిని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలండి. సాయంత్రానికి వాపు పెరిగితే ఆ రోజు పని ఎక్కువైనట్టే, మర్నాడు తగ్గించండి. పిక్క వాచి నొప్పి పుడితే మాత్రం ఆలస్యం చేయక ఆ రోజే డాక్టరుకు చూపించండి.